ఎమ్మారై గదిలో గాజుల చప్పుడు

దెయ్యాల కబుర్లంటే నాకు మొదట్నించీ చిరాకు. భయం కాదు, చిరాకు. ఎవరైనా "అక్కడ ఏదో ఉందంట" అని మొదలుపెడితే, "ఉంటే టికెట్ పెట్టి చూపించమనండి, నేనూ వస్తాను" అని వాళ్ళ నోరు మూయించేదాన్ని. మా నాన్న లూథరన్ చర్చిలో హార్మోనియం వాయించేవారు. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు, వాళ్ళకి మనతో పనేముంటుంది అనేవారు. నాకు ఆ మాట చాలు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. అయినా ఈ సంగతి రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై మిషన్ నడుపుతాను. చాలా ఏళ్ళ నుంచీ ఇదే పని. మా గది గురించి కూడా పుకార్లు తక్కువేం కాదు. మిషన్ పని చెయ్యకపోయినా దానిలోని అయస్కాంతాన్ని చల్లగా ఉంచే పంపు ఒకటి కిచకిచమంటూనే ఉంటుంది. కొత్తగా ఊడ్చే పనికి వచ్చినవాళ్ళు అది విని చీపురు పారేసి బయటికి పరిగెత్తిన సందర్భాలున్నాయి. వాళ్ళ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఇదిగో పంపు, ఇదిగో గొట్టం, ఇదే మీ దెయ్యం అని చూపించేది నేనే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాకు చెవి బాగా పనిచేస్తుంది. హార్మోనియంలో ఒక్క మెట్టు శ్రుతి తప్పినా వంటింట్లోంచి చెప్పేదాన్ని, నాన్న మురిసిపోయేవారు. మిషన్ సంగతీ అంతే. ఏ బొమ్మ తీసేటప్పుడు ఎలా మోగుతుందో నాకు కంఠతా వచ్చు. లోపల పడుకున్నవాళ్ళ మాట మాకు వినబడటానికి ఒక మైకుంటుంది. దాంట్లో వాళ్ళు ఊపిరి తీసే తీరుని బట్టి భయపడుతున్నారో, నిద్రలోకి జారుకున్నారో చెప్పేస్తాను. గొప్పలు కావు, రేపొద్దున మీరు నన్ను అడగబోయే ప్రశ్నలకి ముందే జవాబు చెప్పుకుంటున్నాను.

మా దగ్గరికి మోకాళ్ళ నొప్పులవాళ్ళు వస్తారు, నడుము నొప్పులవాళ్ళు వస్తారు. అప్పుడప్పుడు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళకి కాదు, కడుపులో బిడ్డ తలకి స్కానింగ్. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే, నన్ను అన్నిటికంటే ఏడిపించే పనీ అదే.

ఎందుకిష్టమో చెబుతాను. ఆరో నెలలో బిడ్డ మెదడు ఒక పెద్ద నిమ్మకాయంత ఉంటుందేమో. ఒలిచిన బాదం గింజలా నున్నగా ఉంటుంది. నెలలు నిండేకొద్దీ దాని మీద ఒక్కో ముడత పడుతుంది. ఏ ముడత ఎప్పుడు పడాలో దానికొక వరస ఉంది. ఎవరు నేర్పారో గానీ ఏ తల్లి కడుపులోనైనా అదే వరస. చర్మం, కొవ్వు, గర్భసంచి, ఉమ్మనీరు, బిడ్డ పుర్రె, ఇన్ని దాటి, కత్తి పెట్టకుండా, ఎక్స్‌రే లేకుండా, ఒట్టి అయస్కాంతంతో ఆ ముడతని తెర మీద చూపిస్తుంది మా మిషన్. ఎన్నిసార్లు చూసినా నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆడా మగా అని మాత్రం మేం చూడం, చూసినా చెప్పం. మాకు కావలసింది తలకాయ.

మరి ఏడుపెందుకంటే, పెద్దవాళ్ళకైతే "కదలకండి" అని చెబుతాం. కడుపులో బిడ్డకి ఎవరు చెబుతారు? మత్తు ఇవ్వం. ఒక్కో ముక్క బొమ్మ రెప్పపాటులో తీసేస్తుంది మిషన్. కానీ మొత్తం వరస పూర్తయ్యేలోపు బిడ్డ తల తిప్పిందంటే అంతా అడ్డదిడ్డం. అందుకని ప్రతి బొమ్మనీ దాని ముందు బొమ్మ చూసుకుని, బిడ్డ తల ఇప్పుడెటు ఉందో పట్టుకుని, కొత్తగా గీత గీసుకుని తీస్తాం. ఈలోపు అది మళ్ళీ తిరుగుతుంది. గాలిపటానికి గురిపెట్టి రాయి విసిరినట్టుంటుంది.

ఆ బొమ్మలు చదివేది మా డాక్టర్ గారు. ఆవిడంటే నాకు ప్రాణం. మనిషి మాటలు తక్కువ. తెర మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత లాగి, మెదడులో నీళ్ళుండే గదుల వెడల్పు, చిన్నమెదడు కొలత, అన్నీ కొలుస్తారు. కొలిచింది మళ్ళీ కొలుస్తారు. అనుమానముంటే ఇంకోసారి కొలుస్తారు. అంతా అయ్యాక కూడా తెలియకపోతే "నాకు తెలియడం లేదండి" అని పేషెంటు మొహం మీదే చెబుతారు. ఆ మాట చెప్పే డాక్టరుని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ రోజు కడియం నుంచి భవాని అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళది మొక్కల నర్సరీ. మొగుడు మొక్కల లోడు వేసుకుని నాగపూర్ దారిలో ఉన్నాడు. తోడుగా అత్తగారు మంగతాయారు గారు వచ్చారు. పెద్ద బొట్టు, జరీ అంచు చీర, చేతిలో ఒక అట్టపెట్టె. భవానికి ఆరో నెల. మొదటి కడుపు నిలవలేదు, ఇది రెండోది.

ముందు చేసిన అల్ట్రాసౌండ్‌లో బిడ్డ మెదడులో ఒకటి కనబడలేదు. మన మెదడు రెండు సగాలుగా ఉంటుంది కదా, ఆ రెంటినీ కలిపే నరాల కట్ట ఒకటుంటుంది. దాన్ని మా డాక్టర్ గారు వంతెన అంటారు. రాజమండ్రిలో ఆ మాట అందరికీ వెంటనే అర్థమవుతుంది. "గోదారి మీద వంతెన లేకపోతే ఇటు రాజమండ్రి ఉంటుంది, అటు కొవ్వూరు ఉంటుంది. రెండూ బతుకుతాయి. కానీ ఇటు మనిషి అటు వెళ్ళడం కష్టం కదండీ" అని చెబుతారు. వంతెన లేకుండా పుట్టిన పిల్లల్లో కొందరు మామూలుగానే పెరుగుతారు, కొందరికి చాలా ఇబ్బందులొస్తాయి, ఎవరు ఏమవుతారో ముందుగా చెప్పలేం అని కూడా దాచకుండా చెబుతారు.

భవాని వాళ్ళింట్లో ఇంత వినే ఓపిక లేదు. మావగారు తేల్చేశారు. వంతెన లేదంటే ఈ కడుపు ఉంచేది లేదు. స్కానింగ్‌లో సరిగ్గా తేలకపోయినా లేనట్టే లెక్క. కడుపు తీయించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు దగ్గర పడింది, మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళిపోవడమే. ఈ మాటలన్నీ ఆ పిల్ల నాకు చీర మార్చుకునే గదిలో చెప్పింది, గోడకేసి చూస్తూ.

"నాకు మంచి మాట చెప్పమనడం లేదండి. ఉంటే ఉందనీ, లేకపోతే లేదనీ చెప్పండి. తెలీలేదు అని మాత్రం రాయకండి మేడమ్ గారూ" అంది.

ఆ పిల్ల భుజం తట్టాను. కానీ అప్పటికే నాకు ఒళ్ళు మండే పని ఒకటి జరిగింది. లోపల వేసుకునే గౌను ఇస్తుంటే ఆ పిల్ల చేతుల నుంచి నెయ్యి వాసన కొట్టింది. స్కానింగ్‌కి వచ్చే ముందు తీపి తినొద్దని ఫోన్లో మరీ మరీ చెప్పాం. తల్లి తీపి తింటే బిడ్డ గంతులేస్తుంది, మా అనుభవంలో చూస్తున్నదే. బయటికొచ్చి అత్తగారిని అడిగాను.

"పూతరేకులేనండి" అన్నారావిడ, అదేదో మంచినీళ్ళన్నట్టు. "శుభమా అని స్కానింగ్‌కి వెళ్తుంటే నోరు చేదుగా వెళ్ళకూడదని, ఆత్రేయపురం నుంచి తెప్పించాను. ఒక్కటే పెట్టాను. ఆయ్, ఇంకోటి తనే అడిగింది. మీకూ తెచ్చానండి." అట్టపెట్టె నా ముందుకి జరిపారు.

ఏమంటాం చెప్పండి. అక్షింతలు వెయ్యాల్సినవి వేశాను. ఆవిడ అన్నీ వింటూనే పెట్టె మూత తీసి నా టేబుల్ మీద పెట్టారు.

రెండో గొడవ గాజులు. భవాని రెండు చేతులకీ మోచేతి కిందివరకూ మట్టిగాజులు, ఎరుపూ ఆకుపచ్చా కలిపి. మధ్యలో మెరుపు గాజులు కూడా ఉన్నాయి, వాటిలో రేకు ఏముందో ఎవరికి తెలుసు. మా గదిలోకి చేతికి ఏదీ ఉండకూడదు. తీసెయ్యమన్నాను. అప్పటిదాకా నవ్వుతున్న అత్తగారి మొహం మాడిపోయింది.

"అవి తియ్యకూడదండి. తల్లి లేని పిల్ల. ఐదో నెలలో తల్లి తొడగాల్సిన గాజులు నేను తొడిగాను. పురుడయ్యేదాకా చేతికి ఉంటాయని దేవుడి ముందు అనుకుని తొడిగాను. లోపల బిడ్డ ఆ చప్పుడు వింటూ పెరుగుతుందండి. అదే తెలుసు దానికి."

"గాజులు ముఖ్యమా మీకు, బిడ్డ తలకాయ ముఖ్యమా?" అన్నాను. నా నోరు అంతే, మా ఆయన్నడిగినా చెబుతారు.

ఆవిడ కోడలి చెయ్యి అందుకున్నారు. కుళాయి దగ్గర సబ్బు రాసి ఒక్కో గాజూ తనే తీశారు. ఒక్కటి కూడా చిట్లకుండా తీసి, కొంగు చివర మూటకట్టుకుని, ఆ ముడి గుప్పెట్లో పట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఈ వివరం గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం భోజనాలవేళ అయింది. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల ఏసీకి భవాని వణుకుతుంటే దుప్పటి కప్పాను. ఎడమ పక్కకి కాస్త ఒరిగించి పడుకోబెట్టి, చెవులకి చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి పిలిచే బటన్ ఇచ్చి, తలుపు వేసి నా కుర్చీలోకి వచ్చాను. పక్క కుర్చీలో డాక్టర్ గారు. మా ఇద్దరికీ మిషన్ గదికీ మధ్య పెద్ద అద్దం. లోపల ఉన్నది భవాని ఒక్కతే.

మొదటి వరస బొమ్మలు చూడగానే నాకు తల పట్టుకోవాలనిపించింది. ఒక ముక్కలో బిడ్డ మొహం మావైపు, దాని తర్వాత ముక్కలో వీపు. పూతరేకుల పుణ్యమా అని లోపల కోలాటం జరుగుతోంది. వంతెన కనబడాలంటే తల సరిగ్గా మధ్యకి గీత పడాలి. వెంట్రుకవాసి పక్కకి పడినా ఉన్న వంతెన లేనట్టు కనబడుతుంది. నేను గీత గీసేలోపు బిడ్డ తిరిగేది. మళ్ళీ గీసేదాన్ని. మళ్ళీ తిరిగేది.

భవానిని దింపి కాసేపు వరండాలో నడిపించాం. నీళ్ళు తాగించాం. మళ్ళీ పడుకోబెట్టాం. అదే వరస. డాక్టర్ గారు విసుక్కోలేదు. "ఇంకోసారి చూద్దాం ఎస్తేరూ" అన్నారు. అంతసేపు అలా పడుకోవడం ఆ పిల్ల వల్ల కావడం లేదు. మైకులో దాని ఊపిరి మారింది. ఏడుస్తోంది. ఏడిస్తే కడుపు కదులుతుందని చప్పుడు రాకుండా ఏడుస్తోంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఇదే ఆఖరుసారి" అన్నారు డాక్టర్ గారు. "రాకపోతే తెలియలేదనే రాయాలి. లేనిది రాయలేను కదా."

నేను మైకు నొక్కి, "భవానీ, అయిపోవచ్చిందమ్మా, ఇంకొక్కసారి ఓపిక పట్టు" అన్నాను. నొక్కిన బటన్ వదిలేశాను. మిషన్ ఇంకా మొదలుకాలేదు. పంపు కిచకిచ ఒక్కటే వినబడుతోంది.

అప్పుడు వినబడింది.

గాజులు. చేతి నిండా గాజులున్న మనిషి చెయ్యి నెమ్మదిగా కదిలిస్తే వచ్చే చప్పుడు. పసిబిడ్డని జోకొట్టేటప్పుడు వస్తుంది చూడండి, ఒక్కసారి గలగలమని, కాస్త ఆగి మళ్ళీ గలగలమని, అలా. లోపలి మైకులోంచి స్పష్టంగా వచ్చింది.

నేను నా భ్రమ అనుకుని ఊరుకునేదాన్నే. కానీ డాక్టర్ గారు తెర మీంచి తలెత్తారు. "గాజులతో లోపలికి ఎవరు వెళ్ళారు?" అన్నారు కోపంగా.

ఇద్దరం అద్దంలోంచి చూశాం. ఎవరూ లేరు. లైటు వెలుగుతోంది. తలుపు వేసే ఉంది, ఆ తలుపు తియ్యాలంటే నా కుర్చీ వెనకనుంచే వెళ్ళాలి. దుప్పటి కింద భవాని చేతులు కదలడం లేదు. నాకు ఒళ్ళు జలదరించింది.

ముందు తేరుకున్నది డాక్టర్ గారే. ఆవిడ చూపు తెర మీద ఉంది. దారి చూసుకోవడానికి తీసే చిన్న బొమ్మలు ఆవిడే చెయ్యి చాపి మొదలుపెట్టారు. ఒకటి, దాని తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. బిడ్డ కదలడం లేదు.

"తియ్యి" అన్నారు గొంతు తగ్గించి. "ఇప్పుడే తియ్యి."

గీత తిన్నగానే గీశాను. మిషన్ డబడబమని మోగింది. ఆ మోతలో ఇంకేం వినబడదు. మోత ఆగింది. పంపు కిచకిచ. దాని మీద మళ్ళీ గాజులు, అదే నెమ్మది, అదే తూగు. మళ్ళీ గీత, మళ్ళీ మోత, మోత ఆగగానే మళ్ళీ గాజులు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కావలసిన బొమ్మలన్నీ వరసగా తీసుకుంటూ పోయాం. ఆఖరి బొమ్మ అయ్యాక మిషన్ ఆగింది. ఈసారి పంపు చప్పుడు ఒక్కటే మిగిలింది. ఇంకో చిన్న బొమ్మ తీస్తే, అందులో బిడ్డ అప్పటికే కాలు జాడించింది.

తెర మీద మధ్య గీత బొమ్మ తెరిచారు డాక్టర్ గారు. నా జన్మలో అంత తేటగా వచ్చిన బొమ్మ ఇంకొకటి లేదు. బిడ్డ ముక్కు, పెదవులు, గడ్డం. దాని వెనక మెదడు. ఆ మెదడు మధ్యలో, ముందు నుంచి వెనక దాకా, నల్లటి సన్నని వంపు. కొడవలిలా. ఎక్కడా తెగలేదు.

"ఉంది" అన్నాను నేను. డాక్టర్ గారు గీత లాగారు. కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఎదురుగా తీసినవాటిలో చూశారు, పైనుంచి తీసినవాటిలో చూశారు. నీళ్ళ గదులు ఒక పక్క కాస్త వెడల్పుగా ఉన్నాయి, అది కొలిచారు. అప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఉంది ఎస్తేరూ, మొత్తం ఉంది" అన్నారు.

తలుపు తీసి లోపలికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే వెళ్ళే ముందు గడప దగ్గర ఒక్క క్షణం ఆగాను. భవాని హెడ్‌ఫోన్లు తీస్తే కళ్ళు తెరిచి నవ్వింది.

"మీరు పక్కన నిలబడబట్టి సరిపోయిందండి. లేకపోతే నా వల్ల అయ్యేది కాదు" అంది. "మీరు కడుపు మీద చెయ్యి వేసి ఒత్తగానే లోపల సర్దుకుంది."

దుప్పటి తీద్దామని చాచిన చేతులు దాని మీదే ఆగిపోయాయి. నా చేతులు. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నేను చేతికి గాజు వేసుకోలేదు. ఉంగరం కూడా ఉండదు. భవాని ఆ చేతుల వంక చూసింది, నా మొహం వంక చూసింది. దాన్ని లేపి కూర్చోబెట్టి, చెప్పులు కాళ్ళ దగ్గరికి జరిపాను.

డాక్టర్ గారు అత్తాకోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి తెర మీద చూపించారు. "ఇదిగో ఇదేనండి వంతెన. పూర్తిగా ఉంది. ఈ పక్కన నీళ్ళ గది కాస్త పెద్దదిగా ఉంది, దాన్ని కొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలి. ఈ రోజుకి భయపడాల్సింది నాకేం కనబడలేదు." భవాని ఏడవలేదు. తెర మీద వేలు పెట్టి ఆ వంపు మీదుగా ఇటునుంచి అటు గీసింది. మంగతాయారు గారు మాత్రం భోరుమన్నారు. ఫోను తీసి భర్తకి కలిపి, "ఉందంట! వినబడిందా? ఉందంట!" అని సెంటరంతా వినబడేలా అరిచారు. అటునుంచి ఆయన ఏదో అంటుంటే, "రేపు ఎక్కడికీ వచ్చేది లేదు, మీరు వెళ్ళి మొక్కలకి నీళ్ళు పెట్టుకోండి" అని పెట్టేశారు.

వాళ్ళు వెళ్ళాక నేను చేసిన మొదటి పని ఆ గది వెతకడం. మూలలు, మంచం కింద, దుప్పట్ల అలమర, అంతా చూశాను. మైకు తీగ చూశాను. హెడ్‌ఫోన్లలో పాటలు పెట్టే ఏర్పాటు ఉంది గానీ ఆ రోజు దాని తీగ కూడా గుచ్చలేదు. ఊడ్చే ఆవిడకి రబ్బరు గాజులే ఉంటాయి, పైగా ఆ వేళ భోజనానికి ఇంటికి వెళ్ళింది. మిషన్ బాగుచేసే ఇంజనీరు వచ్చినప్పుడు, మైకులో బయటి చప్పుళ్ళు పట్టుకునే అవకాశం ఉందా అని అడిగాను. ఆ గది చుట్టూ రాగి రేకు ఉంటుంది, సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా లోపలికి వెళ్ళదు. ఆయన నవ్వి, కుదరదన్నారు.

డాక్టర్ గారిని ఒకే ఒక్కసారి అడిగాను. తీపి ప్రభావం తగ్గి బిడ్డ నిద్రపోయి ఉంటుంది అన్నారు. అది నిజమే అయ్యుండొచ్చు, నేనూ ఒప్పుకుంటాను. మరి చప్పుడు సంగతేంటండి అన్నాను. ఆవిడ "నేను రిపోర్టులో చూసినవి రాస్తాను. విన్నవి రాయను" అన్నారు. ఆ తర్వాత మా మధ్య ఆ మాట రాలేదు.

నా మటుకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. మంగతాయారు గారు వరండాలో కూర్చుని కొంగులో గాజులు కదిపి ఉంటారు, ఆ చప్పుడే ఏదో దారిలో మైకులోకి వచ్చి ఉంటుంది. అది ఎలా వచ్చిందో నాకు తెలీదు. అయినా దాన్నే పట్టుకుని వేలాడాను. మనిషికి రాత్రి నిద్రపట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా.

భవాని ప్రసవించిన కొన్నాళ్ళకి వాళ్ళు మళ్ళీ వచ్చారు. స్కానింగ్‌కి కాదు, పిల్లని చూపించడానికి. ఆడపిల్ల. నీళ్ళ గది మామూలుకొచ్చేసిందంట. పొత్తిళ్ళలో బొద్దుగా నిద్రపోతోంది. ఈసారి పూతరేకుల పెట్టె ముందుదానికంటే పెద్దది.

మంగతాయారు గారు కొంగు ముడి విప్పి గాజులు నా ముందు పెట్టారు. అవే, ఎరుపూ ఆకుపచ్చా.

"మా ఇంట్లో పద్ధతండి. పురుడయ్యాక ఈ గాజులు పురుడు పోసినావిడకి ఇస్తాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ గారికి చీర పెట్టాం. గాజులు మాత్రం మీవి. దీనికి పురుడు పోసింది మీరేనండి."

నేను గాజులు వేసుకోనండి అన్నాను. ఒక్కసారి వేసుకోండి, నా కళ్ళ ముందు వేసుకుని తీసెయ్యండి అన్నారు. ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఒక్కోటి ఎక్కించారు. ఆ పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుని, జోకొట్టినట్టు చెయ్యి కదిపాను.

గాజులు మోగాయి. బరువైన, మందపు గాజులు. టకటకమని మొద్దు చప్పుడు.

నేను ఆగిపోయాను. మళ్ళీ కదిపాను. ఆ రోజు మేము విన్నది ఇది కాదు. అది ఇంతకంటే చాలా సన్నని చప్పుడు, ఎన్నో ఏళ్ళు చేతికి ఉండి అరిగిపోయిన గాజులు మోగినట్టు. హార్మోనియం మెట్ల మీద చూపించమన్నా రెండూ ఎక్కడెక్కడ పలుకుతాయో చూపించగలను. నా సమాధానం నా చేతి మీదే ముక్కలైపోయింది.

"ఇవి కావండి" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

అప్పటిదాకా నేను వాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఏవి కావు అని వాళ్ళు అడగాలి. అడగలేదు.

"కావని నాకు తెలుసండి" అన్నారు మంగతాయారు గారు. "ఇవి ఆ రోజంతా నా గుప్పెట్లోనే ఉన్నాయి. మీరు తిట్టారన్న బాధలో బిగించి పట్టుకున్నాను, కదలనిస్తేగా. కడుపు మీద వేసిన చేతికి గాజులు తగిలాయని భవాని ఇంటికెళ్ళాక అంతా చెప్పింది."

భవాని పిల్ల తలమీద గుడ్డ సర్దుతోంది. "మా అమ్మ నేను నడక నేర్వకముందే పోయిందంటండి. చెయ్యి ఎలా ఉంటుందో, గాజులు ఎలా మోగేవో నాకు తెలీదు. అందుకే అది ఎవరి చెయ్యో నేను చెప్పలేను" అంది. "మీదైతే మీకు దణ్ణం. మీది కాకపోతే వాళ్ళకి దణ్ణం."

పిల్ల నా ఒళ్ళో హాయిగా నిద్రపోతూనే ఉంది.

పోయినవాళ్ళకి మనతో పనేముంటుంది అన్న మా నాన్న మాట మీదే నేను ఇప్పటికీ ఉన్నాను. దెయ్యాలు లేవు. ఆ రోజు విన్నది ఏమిటో మాత్రం నాకు తెలీదు. ఆ గాజులు నా టేబుల్ సొరుగులో ఉన్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళు వచ్చి, లోపల బిడ్డ కుదురుగా ఉండక, తల్లి ఊపిరి మారినప్పుడు, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య మిషన్ ఆగినప్పుడు, మైకు వాల్యూమ్ కాస్త పెంచుతాను. పక్కన డాక్టర్ గారు కూడా కొలవడం ఆపి కూర్చుంటారు, ఎందుకని అడగరు. పంపు కిచకిచ తప్ప ఇప్పటివరకూ ఏమీ వినబడలేదు. అయినా పెంచుతూనే ఉన్నాను.